శుక్రవారం బండి

నేను ఇంతవరకూ ఏదీ రాసినదాన్ని కాదు. చదివింది ఐదో తరగతి. మా ఊళ్లో నోటి మాటగా తిరిగే ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసిపెడితే బాగుంటుందనిపించి కూర్చున్నాను. అక్షరం తప్పు పోతే సరిచేసుకుని చదవండి.

సామ్రాజ్యానికి కోపం వచ్చింది. వస్తే చెప్పుకోవటానికి ఆమెకి ఒకటే చోటు, ఊరి చివర మౌలాలి బాబా చూసుకునే దర్గా.

బాబా అంటే తాయెత్తులు కట్టే మనిషి కాదు. దర్గా ముందు తాటాకు పందిరి కింద తాళ్లు పేనుకుంటూ కూర్చునే ముసలాయన. అడిగినదానికి సరిగా జవాబు చెప్పడని పేరు. అయినా జనం వెళ్లి అడుగుతూనే ఉంటారు. సామ్రాజ్యం పదేళ్ల నించి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వెళ్లి దర్గా ఊడ్చి, నీళ్లు చల్లి, కాసేపు ఆయన దగ్గర కూర్చుని వస్తుంది. ఆమె ఆయన్ని గురువనే అనుకుంది. ఆయన ఏమనుకున్నాడో ఎవరికీ చెప్పలేదు.

ఆమె కోపానికి కారణం చెత్త.

పంచాయతీవాళ్లు వీధికొకరు చొప్పున వాలంటీర్లని పెట్టారు. జీతం లేదు. ఒక పచ్చకోటు, ఒక విజిల్. సామ్రాజ్యానిది పడమటి వీధి. తడిచెత్త రోజూ తీసుకోవాలి, పంచాయతీ షెడ్డులో వేస్తే అది ఎరువవుతుంది. కవర్లు, సీసాలు, డబ్బాలు, అట్టముక్కలు, ఇవన్నీ పొడిచెత్త. దానికి వారానికొకసారి, శుక్రవారం పొద్దున బండి తిరుగుతుంది. శనివారం మధ్యాహ్నం పట్నం నించి లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

తడిచెత్తకి ఎవరూ పేచీ పెట్టలేదు. పొడిచెత్త దగ్గరే వచ్చింది చిక్కు. సగం వీధి ఇవ్వదు. ఇంట్లో సంచులు నిండిపోతే కొందరు కాలవ గట్టున పోసి అగ్గిపుల్ల గీస్తారు. ఆ పొగ గట్టు పక్కన ఉన్న అంగన్‌వాడీలోకి పోతుంది. పిల్లలు దగ్గుతున్నారని అక్కడి టీచరమ్మ రెండుసార్లు పంచాయతీకి కాగితం పెట్టింది.

అందుకని పంచాయతీలో ఒక తీర్మానం చేశారు. వరసగా మూడు శుక్రవారాలు పొడిచెత్త ఇవ్వని ఇంటికి కుళాయి కట్టేస్తారు. ఎండలు ముదిరిన రోజులు. ఊళ్లో బావులు అడుగంటాయి. కుళాయి లేకపోతే రెండు మైళ్లు పోయి తెచ్చుకోవాలి.

ఎవరి కుళాయి కట్టాలో వాలంటీరే పేర్లు రాసి ఇవ్వాలి. శనివారం పదింటికల్లా లిస్టు సెక్రటరీ చేతిలో ఉండాలి. రెండు వారాలు ఇవ్వనివాళ్ల పేర్లతో సామ్రాజ్యం లిస్టు ముందే తయారు. సెక్రటరీ చూసి, "అందరికన్నా నీ లిస్టే నీటుగా ఉందమ్మా" అన్నాడు కూడా. ఆ మాట ఆమెకి రెండు రోజులు తియ్యగా ఉంది.

మూడో శుక్రవారం ఆఖరిసారి బండి తోసుకుంటూ వెళ్లింది. విజిల్ ఊదింది. నాంచారమ్మ గడపకి పసుపు రాస్తోంది. డెబ్భై ఏళ్ల మనిషి, ఒంటరిది, నోరు మాత్రం నలుగురి పెట్టు.

"పొడిచెత్త, పిన్నీ" అంది సామ్రాజ్యం.

"ఇయ్యాల గాదులే. రేపు రా."

"రేపు బండి రాదు."

"బండి రాకపోతే మనిషివి రాలేవా? కోటు తొడుక్కుంటే కాళ్లు పడిపోతాయా ఏంది?"

"మూడు వారాల నించీ ఇదే మాట చెప్తన్నావు. పేరు రాస్తా పిన్నీ. నీళ్లు ఆపేస్తారు."

"రాసుకో. నాంచారమ్మ అని నిండుగా రాయి, 'న'కి దీర్ఘం మర్చిపోకు."

పక్కింట్లో కొత్తకోడలు సంచి పట్టుకుని వాకిలి దాకా వచ్చింది. లోపలి నించి అత్తగారు ఏదో అంది. కోడలు సంచి పట్టుకునే వెనక్కి పోయింది. ఆ పై ఇంట్లో తలుపే తీయలేదు. వీధి చివరికి వచ్చేసరికి బండి సగం కూడా నిండలేదు.

మధ్యాహ్నం దర్గాకి వెళ్లి చీపురు తీసుకుంది గాని ఊడ్చటానికి చెయ్యాడలేదు. చీపురు గోడకి ఆనించి బాబా ముందు కూర్చుంది.

"బాబా, జనానికి మంచి చెప్తే ఎందుకెక్కదు?"

బాబా తాడు పేనుతున్నాడు. "ఎంతమందికి ఎక్కలేదు?"

"ఇరవై ఏడు ఇళ్లు."

"ఏమంటారు?"

"రేపంటారు. అందరిదీ అదే మాట, కూడబలుక్కున్నట్టు. గోనె తెచ్చి గుమ్మంలో పెట్టటానికి బద్ధకం. పసిపిల్లలు దగ్గుతున్నారని చెప్పినా చీమ కుట్టినట్టు లేదు. నీళ్లు ఆపితే గాని దారికి రారు."

"ఆపుతారా?"

"రేపు పదింటికి లిస్టు ఇస్తా. ఆ వెంటనే కుళాయి మేస్త్రి బయల్దేరతాడు."

"నాంచారమ్మవీ ఆపుతారా?"

"మొదటి పేరు ఆమెదే." ఆ మాట అనేటప్పుడు సామ్రాజ్యం గొంతు కాస్త తగ్గింది. అయినా అంది.

బాబా తాడు పక్కన పెట్టాడు. లేచి ప్రహరీ గోడ దగ్గరికి వెళ్లాడు. గోడ మీద పిట్టలకి నీళ్లు పోసే మట్టిచిప్ప రెండు ముక్కలై ఉంది. రెండు పిచికలు ఆ పెంకుల చుట్టూ తిరుగుతున్నాయి. ఆయన పెంకులు ఏరి చేతిలో పట్టుకున్నాడు.

"కోతి తోసేసింది. అమ్మాయ్, మీ ఇంట్లో ఖాళీ నూనె డబ్బా ఏమన్నా ఉందా?"

"ఉంది బాబా. ఐదు కిలోలది. మొన్ననే అయిపోయింది."

"దాన్ని తీసుకురాపో. పైన కోసేస్తే పిట్టలకి సరిపోద్ది."

ఆమె ఇల్లు ఎంతో దూరం లేదు, దర్గా మెట్ల మీద నించుంటే పెరటి గోడ కనిపిస్తుంది. సామ్రాజ్యం లేచింది. కొంగు నడుముకి దోపుకుని మెట్లు దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చింది.

"రేపు పొద్దున్నే తెచ్చిస్తా బాబా."

"పిట్టలకి దాహం ఇయ్యాల."

"నిజమే గాని, ఇయ్యాల శుక్రవారం గదా. ఇంట్లో వస్తువు బయటికి ఎట్టా ఇస్తాం?"

ఆమె కోటు జేబులోంచి మడత పెట్టిన కాగితం సగం బయటికి వచ్చి ఉంది. బాబా దాని వంక చూశాడు.

"ఇరవై ఎనిమిది" అన్నాడు.

అని, పందిరి కిందికి వెళ్లి, తాను అన్నం తినే సత్తు పళ్లెం తెచ్చి గోడ మీద పెట్టి, దాంట్లో కుండలోని నీళ్లు పోశాడు. మళ్లీ వచ్చి కూర్చుని తాడు అందుకున్నాడు.

పిచికలు ఎగిరిపోయినట్టే పోయి, తిరిగొచ్చి పళ్లెం అంచు మీద వాలాయి.

తన ఇంటి పొడిచెత్త సామ్రాజ్యం ప్రతివారం గురువారం సాయంత్రమే షెడ్డులో పడేసి వస్తుంది. పొద్దున బండి తొయ్యాలి, తీరిక దొరకదు, అందుకని ముందురోజే ఇస్తున్నానని అనుకునేది. అంతకు మించి ఎప్పుడూ ఆలోచించలేదు.

గోడకి ఆనించిన చీపురు తీసుకుంది. దర్గా అంతా ఊడ్చింది. నీళ్లు చల్లింది. వెళ్లేటప్పుడు ఏమన్నా అడుగుతుందేమోనని బాబా తలెత్తాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

మర్నాడు తెల్లవారగానే నూనె డబ్బా పైభాగం కత్తితో కోసి, కడిగి, దర్గా గోడ మీద పెట్టింది. అక్కణ్ణించి నేరుగా సెక్రటరీ ఇంటికి వెళ్లింది. ఆయన వాకిట్లో నించుని పళ్లు తోముకుంటున్నాడు.

"లిస్టు పదింటికి గదమ్మా. ఇంత పొద్దున్నే తెచ్చావేం?"

"లిస్టు గాదండీ. బండి తాళం కావాలి."

"శనివారం బండెందుకు?"

"శనివారమనేనండీ."

ఆయన నోట్లో నురగ ఉమ్మేసి ఆమె మొహం వంక చూశాడు. ఇంకేదో అడగబోయి, లోపలికి వెళ్లి తాళం తెచ్చి ఇచ్చాడు. "లారీ రెండింటికి వచ్చేస్తుంది" అన్నాడు.

"ఆలోపే అవుద్దండీ."

పడమటి వీధి మొదట్లో బండి ఆపింది. విజిల్ ఊదలేదు. నాంచారమ్మ అరుగు మీద మూడు గోనెలు వరసగా ఉన్నాయి, మూతులు కొబ్బరి పీచుతో బిగించి కట్టి. ఆమె వాటి పక్కనే కూర్చుని కాఫీ తాగుతోంది.

"వచ్చావా" అంది. "రేపు రమ్మని మూడు వారాలు చెప్పాను. నీ రేపు ఇప్పటికి తెల్లారింది."

"తెల్లారింది పిన్నీ" అంది సామ్రాజ్యం.

గోనెలు ఒక్కొక్కటే ఎత్తి బండిలో వేసుకుంది. మూడోది ఎత్తుతుండగా పక్కింటి కోడలు సంచి పట్టుకుని గడప దాటి వీధిలోకి వచ్చింది.