నీళ్లు తాగని పలకరాయి

పలకరాళ్ల కొండల కింద ఒకానొక రాజ్యం ఉండేది. దాన్నేలే మల్లభూపతి మహారాజుగారికి లోకంలో అన్నీ తనకే తెలుసని ధీమా.

ఆయన కొత్తగా ధాన్యపు కొట్టు కట్టిస్తున్నారు. గోడలు లేచాయి. కప్పు వేసే ఓబన్న పలకరాయి దిమ్మెని ఉలితో తట్టాడు. టంగుమంది! పొరలు పొరలుగా, అప్పడాల్లా విడిపోయింది! ఒక పలక మీద నీళ్లు పోసి తుడిచాడు. చుక్క కూడా ఇంకలేదు! కప్పు ఎలా వేస్తాడో చూపిస్తూ పలక మీద పలక ఎక్కించి నేల మీద పేర్చాడు.

రాజుగారు ఎగిరి గంతేశారు. "భలే! భలే! మరి పలక మీద పలక ఎక్కిస్తావెందుకురా?"

"పై పలక కింది పలకని సగానికి పైగా కప్పాలి దొరా. లేకపోతే వాన..."

"ఈ రాయి నీళ్లు తాగదని ఇప్పుడేగా చూపించావు! సగం రాయి దాచేసి దండగ చేస్తావా? అంచుకి అంచు ఆనించి పరుచు. కప్పు కారిందో, నువ్వు రాజ్యం వదిలి పోవాల్సిందే!"

ఓబన్న ఇరుక్కుపోయాడు. అలా పరిస్తే కారక తప్పదు. కాదంటే ఇప్పుడే పొమ్మంటారు. పరుగు పరుగున ఆస్థానంలో ఉండే యుక్తిపరుడు చెంగయ్య దగ్గరికెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"అయ్యా, పెళ్లాం పిల్లల్తో ఎక్కడికి పోను?"

"కప్పు పని మొదలెట్టే ముందు రేపు విందుంది కదా. నువ్వు నిమ్మళంగా ఉండు" అని చెంగయ్య మోదుగాకులు కోసుకురావడానికి పోయాడు.

మర్నాడు కొట్టు ముందే అందరూ పంక్తిలో కూర్చున్నారు. రాజుగారి ముందు చెంగయ్య స్వయంగా కుట్టిన విస్తరి వేశారు. అన్నం పెట్టారు. వేడి వేడి చారు పోశారు. అంతే! జరజరా పట్టుపంచె మీదికి కారిపోయింది!

"అబ్బా! కాలింది! ఎవడ్రా ఈ విస్తరి కుట్టింది?" రాజుగారు లేచి గెంతుతున్నారు.

"నేనే మహాప్రభూ! ఆకు మీద ఆకు ఎక్కిస్తే సగం ఆకు దండగ కదా. అందుకని అంచుకి అంచు ఆనించి పుల్లలు గుచ్చాను."

"బుద్ధుందా నీకు? సందుల్లోంచి కారదూ?"

"ఆకు చుక్క చారు కూడా తాగదే ప్రభూ!"

 రాజుగారు విస్తరి వంక చూశారు. కప్పులేని కొట్టు వంక చూశారు. 

ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వారాయన! "ఒరే ఓబన్నా! నీకు తెలిసినట్టే ఎక్కించు. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు!"

మెడలో ముత్యాల హారం తీసి చెంగయ్య మెడలో వేశారు. "ఇంకేం కావాలో కోరుకోవయ్యా!"

"ముందు మీరు ఆ విస్తరి మార్చండి ప్రభూ, పాయసం వచ్చేస్తోంది!"