సూరమ్మగారి వంటింటి పొగ

ఎవరేమి అడిగినా పూర్ణయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. ముందు ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని పూర్తయ్యేసరికి కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు. శిష్యుడు కామేశం అలా మరిచిపోయే మనిషి కాడు.

తండ్రి పోయిన నాడు అన్న లక్ష్మీపతి నలుగురిలో అతని మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ కోపంతో పూర్ణయ్యగారి ఆశ్రమానికి వచ్చి తొమ్మిదేళ్లయింది. అన్న ఏటా ఒకసారి వచ్చి, మధ్యాహ్నం దాకా గేటు దగ్గర కూర్చుని, తమ్ముడు బయటికి రాకపోవడంతో అతని ముఖం చూడకుండానే వెళ్లిపోయేవాడు. కోపానికి జపమాల అడ్డం పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు. కామేశం మాత్రం ఆ కోపాన్ని నిజంగానే పోగొట్టుకోవాలనుకున్నాడు. ఆ ఏడు కూడా అన్న వచ్చాడని తెలియగానే గురువుగారి దగ్గరకు వెళ్లాడు.

"అయ్యగారూ, తొమ్మిదేళ్లు జపం చేసినా నా కోపం పోలేదు. మనుషుల అలికిడి లేని గది ఒకటి ఇప్పించండి. ఏడాదిపాటు తలుపు వేసుకుని కూర్చుంటాను. అప్పుడైనా పోతుందా?"

"వంటింట్లో పొగ నిలిచిపోతోందట. సూరమ్మగారి కళ్లు పాడవుతున్నాయి. ముందు అది చూడు," అన్నారు పూర్ణయ్యగారు.

కామేశం కప్పెక్కాడు. వెదురు బొంగుకు గోనెగుడ్డ చుట్టి, పొగగొట్టంలో పేరుకున్న మసి అంతా దులిపాడు. గొట్టం మీద మరో రెండు మూరల రేకు గొట్టం నిలబెట్టాడు. దిగి వచ్చి పొయ్యి రాజేయమన్నాడు. పొగ కాస్త పైకి లేచి, మళ్లీ గదిలోకే దిగింది.

ఆశ్రమంలో వంట చేసే సూరమ్మగారు మడి కట్టుకుని వండేవారు. వంట మీద ఎవరి కన్నూ పడకూడదని తలుపూ కిటికీలూ బిగించి, గుమ్మం కింది సందులో కూడా పాతగుడ్డలు కుక్కేవారు. ఆ రోజు అతన్ని లోపలికి రానిచ్చారంటే అది పొగ బాధకు తాళలేకే.

"ఆ మూలనే నిలబడు, నన్ను తాకేవు! ఇంతసేపూ కప్పు మీద ఏం చేశావయ్యా, కాకులతో కబుర్లా?"

"తలుపు తీస్తాను పిన్నిగారూ, ఊపిరాడటం లేదు."

"తీస్తే ఇక మడి ఎందుకు? పొగ పోవడానికి గొట్టం ఉంది కదా!"

దగ్గు ఆపుకోలేక అతను గుడ్డలు లాగిపారేసి తలుపు బార్లా తెరిచాడు. చల్లటి గాలి కాళ్లను తాకుతూ పొయ్యివైపు పోయింది. మంట నిలువుగా లేచింది. పొగ గొట్టంలోకి దూరి పైకి సాగిపోయింది. సూరమ్మగారు చెంగుతో కళ్లు తుడుచుకుని, పొగ విడిపోయి కనబడిన ఎదురుగోడకేసి చూశారు.

"ఈ గోడలో ఒక గూడు ఉన్న సంగతే మరిచిపోయాను," అన్నారు. తలుపు వెయ్యమనలేదు.

కామేశం గురువుగారి దగ్గరకు తిరిగి వచ్చాడు.

"పోయిందా?"

"పోయిందండీ. గొట్టంలో లోపమేమీ లేదు. గాలి లోపలికి రానిదే పొగ పైకి పోదు. తలుపు తీశాక పోయింది. మరి నా గది..." అని ఆగిపోయాడు.

పూర్ణయ్యగారు చదువుతున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"మీ అన్నకు మోకాళ్ల నొప్పులట. గేటు దగ్గర నీడ కూడా జరిగిపోయింది," అన్నారు.