దస్తగిరి ఇంగ్లీషు

ఇంగ్లీషు మాటలు ఎలా పుడతాయో దస్తగిరికి తెలిసిపోయింది.

సూఫీ గురువు జమాలుద్దీన్ పీర్ సాహెబు దగ్గర శిష్యుడిగా చేరినప్పటి నుంచి, తీరిక దొరికితే చాలు, పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. 'హ్యాపీ' అనే ఒక్క మాట వస్తే, ముందో ముక్క, వెనకో ముక్క తగిలించగానే 'అన్‌హ్యాపీ', 'హ్యాపీనెస్' వాటంతటవే వస్తాయి. నూరు మాటలు నేర్చుకుంటే మూడు నూర్లు చేతికొచ్చినట్టే. ఈ లెక్క అతనికి భలే నచ్చింది.

అయితే ఇంతవరకు ఎవరితోనూ ఒక్క వాక్యం మాట్లాడలేదు. గురువుగారి ఆశ్రమంలో వంట చేసే ఖాసింబీ ఊరుకునేది కాదు. "నీ ఇంగ్లీషుకు పరదా ఎప్పుడు తీస్తావురా?" అని ఏడిపించేది.

ఒక చలికాలం, హెలెన్ అనే పెద్దావిడ విదేశం నుంచి వచ్చి ఆ ఆశ్రమంలో దిగింది. ఆమె ఇంగ్లీషుకు బదులు చెప్పేవాళ్లు లేరు. అందరూ నవ్వి, అన్నం పెట్టి, పక్కకు తప్పుకునేవారు. కొన్నాళ్లు చూసి ఆమె సంచి సర్దుకుంది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతానని సైగ చేసి, వసారాలో కూర్చుంది.

పీర్ సాహెబు దస్తగిరిని పిలిచి, ఆమె ఇంత దూరం ఏం వెతుక్కుంటూ వచ్చిందో కనుక్కోమన్నాడు.

"వ్యాకరణం ఇంకా సగంలో ఉంది హజ్రత్. రంజాను దాకా గడువివ్వండి. ఒక్క తప్పు లేకుండా మాట్లాడతాను" అన్నాడు దస్తగిరి ధీమాగా.

పీర్ సాహెబు సరేనన్నాడు. వెళ్లే అతిథికి బొంత కప్పి సాగనంపడం అక్కడి ఆనవాయితీ. దర్జీలిచ్చిన గుడ్డముక్కల మూట అతని ముందు పెట్టి, బస్సు వేళకు ఒకటి కుట్టమన్నాడు.

దస్తగిరి మూట విప్పి ముక్కల్ని రంగుల వారీగా, ఆపైన కొలతల వారీగా కుప్పలు పోశాడు. ఎర్రవి చాలవని, పట్నం వెళ్లి మరిన్ని తెస్తే గళ్లు సరిగ్గా కుదురుతాయని చెప్పాడు.

పీర్ సాహెబు పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించాడు. చేతికందిన పూలగుడ్డకు చారలగుడ్డ, దానికి పాత లుంగీ అంచు కలిపి కుట్టాడు. కుట్లు వంకరగా పోయాయి. చూస్తూండగానే బొంత ఆయన మోకాళ్లు దాటింది. దస్తగిరి కుప్పలు కుప్పలుగానే ఉన్నాయి.

అతను ఆ వంకర కుట్ల బొంతనీ, తన కుప్పల్నీ మార్చి మార్చి చూశాడు. లేచి వసారాలోకి నడిచాడు.

"మేడమ్... వై యు కమ్?"

ఆమె చప్పున తలెత్తింది. ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా చెప్పసాగింది. నిరుడు భర్త పోయాడట. వయసులో ఉన్నప్పుడు ఆయన ఈ పీర్ సాహెబు దగ్గరే కొన్నాళ్లు ఉన్నాడట. అప్పుడు ఎలా ఉండేవాడో ఎవరైనా చెబితే విందామని వచ్చిందట. దస్తగిరికి మాట అందనిచోట చేతులు సాయానికొచ్చాయి. చేతులూ చాలనిచోట తెలుగే మాట్లాడేశాడు.

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

కాసేపటికి దస్తగిరి లోపలికి వచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నీ తప్పులే మాట్లాడాను హజ్రత్."

పీర్ సాహెబు దారం కొరికి తెంపాడు.

"బస్సు?"

"పోయింది."

"ఆమె?"

"వసారాలోనే ఉంది. మీతో మాట్లాడాలంట."

"పిలుచుకురా బేటా. వచ్చి మా ఇద్దరి మధ్యన కూర్చో."