గాలి సోకిన నిమ్మగడ్డి నూనె

గౌరునాయుడి ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఆ మాట గౌరునాయుడే చెప్పేవాడు. "ఊళ్ళోవాళ్ళు ఒకటి వింటారు, ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అని మీసం దువ్వేవాడు. పెళ్ళాం పైడితల్లీ, తమ్ముడు తవిటినాయుడూ అవునవునని తలలూపేవాళ్ళు.

ఆ ఏడు కొండవాలున నిమ్మగడ్డి ఏపుగా పెరిగింది. ముగ్గురూ చెమటోడ్చి గడ్డి కోసి, బట్టీలో ఆవిరి పట్టి, ఒక డబ్బా నూనె తీశారు. సబ్బుల కంపెనీ కెమిస్టు ప్రమీలారాణి వచ్చి, వాసన చూసి మురిసిపోయింది.

"ఈ నిమ్మవాసనంతా నూనెలో ఉండే ఆల్డిహైడ్ అనే పదార్థానిది, నాయుడుగారూ. మహా సుకుమారం. గాలి సోకిందంటే మెల్లగా ఆమ్లంగా మారిపోతుంది. వాసన చెడుతుంది. గాలి సోకనివ్వకండి. డబ్బా కాస్త వెలితిగా ఉంది, నిండుగా ఉంచండి. రేపొచ్చి పరీక్ష చేస్తా. బాగుంటే ఏటేటా మీ నూనే కొంటాం."

ఆమె జీపు కదలగానే గౌరునాయుడు పెళ్ళాన్నీ తమ్ముణ్ణీ దగ్గరికి పిలిచాడు. "విన్నారా? ఆల్డిహైడ్‌కి గాలి సోకుతుందట!"

"అయ్యో, ఆడపిల్లా?" అంది పైడితల్లి.

"సుకుమారం అంది కదే. ఆడపిల్లే."

అంతే. డబ్బాకి బొట్టు పెట్టారు, ఎర్రదారం కట్టారు. తవిటినాయుడు వేపమండ పట్టుకుని, "ఎవరే నువ్వు? ఏ దిబ్బమీంచి వచ్చావు?" అంటూ డబ్బాని కుదిపాడు. లోపల నూనె గుడగుడమంది.

"వదినా! పలికింది! అప్పుడే సోకేసింది!"

"మూత బిగిస్తే గాలి ఎటు పోతుందిరా? తియ్యి!"

ఇంకేముంది, మూత తీశారు. గాలి బయటికి పోవాలని తలో పక్కా నిలబడి విసనకర్రలతో విసిరారు. చేతులు పడిపోయేదాకా విసిరారు.

"ఇక నిండుగా ఉంచాలి" అన్నాడు గౌరునాయుడు. ఇంట్లో వేరే నూనె లేదు. బావి నిండా నీళ్ళున్నాయి. అంతే, బిందెతో పోశారు. నీళ్ళు అడుక్కి దిగాయి, నూనె పైకి తేలి అంచు దాటింది.

"అన్నయ్యా, పొర్లిపోతోంది!"

"పొర్లితే తగ్గిపోతుంది కదరా, ఇంకా పొయ్యి!"

పోశారు. పెరడంతా నిమ్మవాసన గుప్పుమంది. కోళ్ళు తుమ్మాయి. "పని కుదిరింది" అని ముగ్గురూ హాయిగా నిద్రపోయారు.

మర్నాడు ప్రమీలారాణి డబ్బాలో చెయ్యి పెట్టింది. నీళ్ళు. జరిగింది విని అరుగుమీద కూలబడింది. అప్పుడు అర్థమైంది గౌరునాయుడికి. కళ్ళు తడయ్యాయి. "అంత కష్టం పోయిందా, అమ్మా?"

ఆమె మనసు కరిగింది. "ఊరుకోండి. మీ సరుకు ఎంత మంచిదో చూపిస్తా" అని బట్టీ గొట్టంలో మిగిలిన చుక్కల్ని గాజుగొట్టంలోకి తీసి, వెండి కలిసిన మందు పోసి వేడినీళ్ళలో ఉంచింది. కాసేపటికి గొట్టం లోపలంతా తళతళ మెరిసింది.

"చూశారా? ఆల్డిహైడ్ ఉంటే ఇలా గాజుకి వెండి పూస్తుంది. వచ్చే కోతకి నేనే దగ్గరుండి డబ్బా నింపిస్తా."

సంచీ సర్దుకోవడానికి జీపు దాకా వెళ్ళొచ్చింది. గాజుగొట్టం లేదు.

పెరట్లో పాదు తవ్వి, ఎరువేసి, అందులో గొట్టాన్ని నిలబెట్టారు. పైడితల్లి నీళ్ళు పోస్తోంది. తవిటినాయుడు ఒడిసెల పట్టుకుని పిట్టల్ని తోలుతున్నాడు.

"ఇదేమిటి, నాయుడుగారూ?"

"పూత బాగా పట్టింది, అమ్మా" అన్నాడు గౌరునాయుడు గొంతు తగ్గించి. "కాయ దిగాక కబురు పెడతా. తట్టలు మాత్రం మీరే తెచ్చుకోండి."