చూడకముందు చెప్పు

సుబేదారు పైడినాయుడు గారి దగ్గర తుపాకీ నేర్చుకున్నవాళ్ళందరికీ దుర్భిణితోనే పేచీ. గుండు పేలగానే అది ఎక్కడ పడిందో చూసుకోవాలని ఎవరికైనా ప్రాణం కొట్టుకుంటుంది. పక్కనే మూడుకాళ్ళ పీట మీద దుర్భిణి ఉంటుంది, కన్ను ఆనిస్తే చాలు, యాభై మీటర్ల అవతలి అట్ట మీద చిల్లు చేతికందేటంత దగ్గరగా కనిపిస్తుంది. కాని ఆయన ఆననిచ్చేవారు కారు. "ముందు చెప్పు, తరవాత చూడు" అనేవారు. అట్ట మీది నల్ల వలయాన్ని గడియారం అనుకుని, గుండు ఏ గంట దిక్కుకు పోయిందో, ఎన్ని మార్కుల గీతలో పడిందో నోటితో చెప్పాకే చూడాలి. తప్పు చెబితే ఆయన ఏమీ అనేవారు కాదు. చెప్పకుండా చూస్తే మాత్రం ఆ పూటకి తుపాకీ పెట్టెలోకి పోయేది.

విజయనగరం శివార్లలో, రాయి తీసి వదిలేసిన ఒక క్వారీలో ఆ రైఫిల్ క్లబ్బు నడిచేది. హైమవతి అక్కడికి నేర్చుకోవాలని రాలేదు. బీమా ఆఫీసులో ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, వీటితోనే ఆవిడకి రోజు చాలేది కాదు. ఒక వేసవిలో కూతుర్ని శిబిరానికి దింపడానికి వచ్చింది. కూతురు వారం తిరక్కుండా మానేసింది, తల్లి ఉండిపోయింది. చాప మీద బోర్లా పడుకుని, ఊపిరి సగం విడిచి నిలిపే ఆ ఒక్క క్షణంలో, తెల్లవారుజామున దీపం వెలిగించి కూర్చున్నప్పుడు దొరికే నిశ్శబ్దమే దొరికేదట ఆవిడకి. అత్తగారు నరసమ్మ గారు కూడా ఏనాడూ అడ్డు చెప్పలేదు. "మా కోడలు ఆదివారం ఆదివారం గుడికెళ్ళినట్టు క్వారీకెళ్తుంది" అని పక్కింటివాళ్ళతో గొప్పగా చెప్పుకునేవారు. అయితే నాలుక ఊరుకోదు కదా. రాష్ట్ర పోటీలకని ఏటా క్లబ్బులో జరిగే ఎంపికలో అర్హత గీతకు ఒకటి రెండు మార్కుల దూరంలో హైమవతి ఆగిపోతుంటే, "నీ గుండు కొత్త పెళ్ళికూతురే, గడప దాకా వచ్చి సిగ్గుపడుతుంది" అనేవారు.

ఆ ఏడు ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. హైమవతికి ఏజెన్సీ కొండల్లో ఒక చిన్న ఊరికి బదిలీ అయింది. అక్కడ పోలీసు మైదానంలో ఎప్పుడైనా పేల్చుకోనిస్తారట గాని క్లబ్బు లేదు, నేర్పేవాళ్ళు లేరు. రాష్ట్ర పోటీలకు వెళ్ళాలంటే ఆవిడకి మిగిలింది ఈ ఒక్క ఎంపికే. నరసమ్మ గారు అప్పుడే, ఆ పోటీలు జరిగే విజయవాడ ప్రయాణానికని సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టేశారు.

ఎంపికకు ముందునాటి సాయంత్రం గురువుగారు తుపాకీ గొట్టంలో నూనెగుడ్డ లాగుతుంటే, హైమవతి పక్కన కూర్చుని అడిగింది.

"గురువుగారూ, నేను వెళ్ళేచోట మీరుండరు. నా గురి కుదిరిందో లేదో నాకెవరు చెప్తారు?"

ఆయన గుడ్డని వెలుతురుకెత్తి చూశారు. మసి లేదు. దాన్ని మడిచి పక్కన పెట్టారు.

"పోనీ మీ దుర్భిణి అయినా నాతో పంపండి. అదుంటే మీరున్నట్టే ఉంటుంది."

"రేపు పోటీ అవనీయమ్మా. అది నీతో రావాలో లేదో అప్పుడు చూద్దాం" అన్నారాయన.

మర్నాడు ఆయనే న్యాయనిర్ణేత. హైమవతి పక్క చాప మీద రైసుమిల్లు వీరభద్రం గారు. భారీ మనిషి, ఆయన పడుకుంటే చాప ఎక్కడుందో వెతుక్కోవాలి. గురి మాట ఎలా ఉన్నా ఆయనుంటే క్వారీ సందడిగా ఉండేది. పోటీ అట్ట మీద ఒక్కో గుండుకి ఒక్కో వలయం ఉంటుంది. హైమవతి ఆ పూట ఎంత బాగా కొట్టిందంటే, వెనక నిలబడ్డవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. చివరి గుండు మిగిలింది. తొమ్మిది వస్తే చాలు, అర్హత గీత దాటినట్టే.

ఊపిరి నిలిపింది. చూపు నడిబొడ్డు మీదే ఉంది. మనసు మాత్రం విజయవాడ రైలెక్కేసింది. తుపాకీ మీటని మెల్లగా నొక్కాల్సిన వేలు చప్పున లాగింది. అదే క్షణాన పక్కన వీరభద్రం గారి తుపాకీ కూడా పేలింది. అలవాటుకొద్దీ హైమవతి పెదవులు కదిలాయి. "నాలుగు గంటలు. ఏడు." ఆ మాట ఆవిడకి తప్ప ఎవరికీ వినిపించలేదు.

పెద్ద దుర్భిణి దగ్గరున్న క్లబ్బు కార్యదర్శి కేకేశాడు. "హైమవతి గారి చివరి వలయంలో రెండు చిల్లులు! వీరభద్రం గారిది ఖాళీ!" మళ్ళీ వంగి చూశాడు. "ఒకటి నడిబొడ్డున పడింది. పది!"

వీరభద్రం గారు మోచేతుల మీద లేచి, "అయ్యయ్యో, నా గుండు మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందమ్మా!" అన్నారు. "ఆ రెండోది ఎక్కడున్నా అదే నాది. నా మొహానికి పది ఎప్పుడొచ్చింది గనక!"

అందరూ ఘొల్లుమన్నారు. కార్యదర్శి నిబంధన చదివినట్టుగా చెప్పాడు. "ఒకరి అట్ట మీద ఇంకొకరి గుండు పడి, ఏది ఎవరిదో తేలనప్పుడు, పెద్ద మార్కే అట్ట గలవాళ్ళకి. హైమవతి గారు గీత దాటినట్టే." చప్పట్లు మొదలయ్యాయి. హైమవతి పక్కనున్న గురువుగారి దుర్భిణి మీదికి వంగింది. కంటికి అద్దం బదులు అరచెయ్యి తగిలింది. గురువుగారు వచ్చి దాన్ని మూసి పట్టుకున్నారు.

"తేలనప్పుడు కదా" అన్నారాయన కార్యదర్శితో. ఆ తరవాత ఇటు తిరిగి, ఎన్నో ఆదివారాలు అడిగినట్టే అడిగారు. "ఏటమ్మా, ఎక్కడ పడింది?"

చప్పట్లు ఆగాయి. రెండో చిల్లు ఎక్కడుందో కార్యదర్శి ఇంకా పైకి అనలేదు. హైమవతి పది అంటే పదే. అంతదాకా కూడా అక్కర్లేదు, "తెలీలేదండీ" అంటే చాలు, మిగతాది నిబంధనే చూసుకుంటుంది. పక్కాయన నిండు మనసుతో ఇచ్చేస్తున్నాడు. ఒకరి నోటి దగ్గరిది లాక్కోవడం కూడా కాదు. ఇంటి దగ్గర సున్నుండల డబ్బా మూత బిగించి ఎదురుచూస్తోంది. హైమవతి గురువుగారి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ దొరకలేదు. మీట లాగిన తన వేలి వంక చూసుకుంది.

"నాలుగు గంటల దిక్కున, ఏడండీ" అంది. "వేలు లాగేసింది."

కార్యదర్శి పెద్ద దుర్భిణిలోకి వంగి చాలాసేపు లేవలేదు. లేచాక, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు గొణిగాడు. "నాలుగు గంటలే. ఏడే."

ముందుగా తేరుకున్నది వీరభద్రం గారు. "అయితే ఆ పది నాదా?" అని చాప మీద కూలబడ్డారు. లెక్కలో ఆ గుండుకి ఆయనకి వచ్చింది సున్నా. అయినా ఫోను తీసి, "ఏమేవ్, నాకు పది పడిందే! మన అట్ట మీద కాదులే, అయినా పదే!" అని భార్యకి చెప్పుకుని మురిసిపోయారు.

గురువుగారు దుర్భిణి మీంచి చెయ్యి తీశారు. "ఇప్పుడు చూడు."

హైమవతి చూసింది. నల్ల వలయంలో కింద కుడివైపు, తన నోరు ఎక్కడ పెట్టిందో అక్కడే, చిల్లు. చేజారిపోయిన దాన్ని చూస్తే ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. చీకటి గదిలో చెయ్యి చాపితే అగ్గిపెట్టె ఉండాల్సిన చోటే దొరికినట్టనిపించింది.

ఆవిడ విజయవాడ వెళ్ళలేదు. సున్నుండలు క్వారీకే వచ్చాయి, సగం వీరభద్రం గారే తిన్నారు. చివరి వలయంలో రెండు చిల్లులున్న ఆ అట్ట ఇప్పటికీ వాళ్ళింట్లో దేవుడి గూటి పక్కన ఉంది. నరసమ్మ గారు బతికున్నన్నాళ్ళూ, వచ్చినవాళ్ళు నడిబొడ్డున పడ్డ చిల్లు చూసి మెచ్చుకోబోతే, "అది పక్కవాళ్ళది. మాది ఇదీ" అని కిందనున్న ఏడుని వేలు పెట్టి చూపించేవారు.

పోటీ జరిగిన సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక హైమవతి గురువుగారి పాదాలకి దణ్ణం పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. ఆయనకి అర్థమైంది. దుర్భిణిని పీట మీంచి విప్పి, గుడ్డతో తుడిచి, తన సంచిలోనే పెట్టుకున్నారు.

"ఇది నా దగ్గరే ఉంటుందమ్మా" అన్నారు సంచి తాడు బిగిస్తూ. "అక్కడ నీకు దీంతో పనేటి?"