కొంగున కట్టిన ఫ్యూజు

అనగనగా ఒక కాలం. కరెంటు అప్పుడప్పుడే గడప దాటి ఇళ్లలోకి వచ్చిన కాలం. ఆ కాలంలో, నేతవాళ్ల వాడలో, ఓదెవ్వ అనే ఆమె ఉండేది. కండెలు చుట్టేది, వంట చేసేది, మళ్లీ కండెలు చుట్టేది. ఆమె గురించి చెప్పుకోవడానికి అంతకు మించి ఏమీ లేదనుకున్నారు అందరూ.

ఆ ఇంట్లో రెండు దీపాలు. ముందుగది స్విచ్చు పక్కన ఆమె మగడు ఐలయ్య రేడియో. వంటింటి స్విచ్చు పక్కన నీళ్ల గోలెం. రెండింటిలో ఏ స్విచ్చు చెడిపోయిందో వేరే చెప్పాలా?

మొదటిసారి ఓదెవ్వ వేలు జిల్లుమంది.

"స్విచ్చు కొడుతున్నది."

"పప్పుగుత్తితోని వెయ్యి," అన్నాడు ఐలయ్య.

రెండోసారి మోచేయి దాకా లాగింది.

"స్విచ్చు మార్చాలె."

"గుత్తి కట్టెదే కదనే. పప్పుగుత్తితోని వెయ్యి."

వాడంతా అంతే. ప్రతి వంటింట్లో స్విచ్చు పక్కన మేకుకు పప్పుగుత్తి వేలాడేది. కడిగిన గుత్తి తడిగా ఉంటుంది, తడి కట్టె కూడా కొడుతుంది. ఆ సంగతి పప్పు తినేవాళ్ల దాకా రాలేదు.

మూడోసారి ఓదెవ్వ కోడలు సారక్క తడి గుత్తితో దీపం వేయబోయి వెల్లకిలా పడింది. ఆరు నెలల కడుపుతో ఉన్న పిల్ల. దవాఖానకు తీసుకుపోయారు. బిడ్డ క్షేమమే అన్నారు. ఓదెవ్వ ఈసారి మగణ్ని అడగలేదు. మర్నాడు బజారుకు పోయి కొత్త స్విచ్చు, టెస్టరు తెచ్చింది.

"నీకేమొస్తదత్తా?" అంది సారక్క.

"తీగలు గుంజిన వైర్‌మన్ పని చేస్తుంటే చూసిన. మెయిన్ ఆపినా ఊకోలే. ఫ్యూజు పీకి జేబుల ఏసుకున్నడు. ఎందుకయ్యా అంటే, నా పానం నా జేబుల ఉండాలె అవ్వా, అన్నడు."

చీరకు జేబు ఉండదు. ఆడదానికి దాచుకోవలసింది ఏదైనా ఉంటుందని ఎవరికీ తోచలేదు కాబోలు. ఓదెవ్వకు కొంగు ఉంది.

వెలుగుతున్న దీపం దగ్గర టెస్టరు పెట్టి చూసింది. లోపలి బుడ్డి వెలిగింది, టెస్టరు మంచిదే. మెయిన్ ఆపింది. ఫ్యూజు పీకి కొంగున ముడివేసింది. చేతులు పొడిగా తుడుచుకుని, పొడి పీట మీద నిలబడి, పాత స్విచ్చు మూత తీసి, లోపలి తీగలకు టెస్టరు పెట్టింది. వెలగలేదు. అప్పుడు గానీ వేలు పెట్టలేదు. ఏ తీగ ఏ మరకు ఉందో చూసుకుని విప్పింది. మాడిన చివరలు కత్తిరించింది. రాగి తేలేలా తొడుగు ఒలిచింది.

సరిగ్గా అప్పుడే ఐలయ్య మగ్గం దిగి వచ్చాడు. రేడియో పలకలేదు. ఇంట్లో ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. నేరుగా పోయి మెయిన్ పైకి ఎత్తాడు.

ఓదెవ్వ వేళ్లు రాగి మీదే ఉన్నాయి.

ఏమీ కాలేదు.

"ఫ్యూజేదే?" అని అరిచాడు.

"నా కొంగుకున్నది."

"ఇటియ్యి. ఆడదానికి కరెంటు పనెందుకే?"

"షాకు మాకే కొట్టవట్టె. పని మాత్రం మాది కాదా?"

మూడోసారి అడగడానికి వంటింట్లోకి వచ్చాడు. ఆమె వేళ్ల మధ్య ఒలిచిన తీగ చూశాడు. మెయిన్ ఎత్తిన తన చెయ్యి చూసుకున్నాడు. గోలెం పక్కన కూలబడ్డాడు.

"మంచిగ కూసో. ఆ మెయిన్ మళ్ల దించినంక," అంది ఓదెవ్వ.

దించి వచ్చి కూర్చున్నాడు. ఆమె కొత్త స్విచ్చుకు తీగలు పెట్టి తాపీగా మరలు బిగించింది, ఒక్క రాగి పోగు బయటికి కనబడకుండా. మూత పెట్టింది. ముడి విప్పింది. ఆ సాయంత్రం సారక్క వేలితోనే దీపం వేసింది. గోలెం రెండో మూలకు జరిగింది. జరిపింది ఐలయ్యే.

తర్వాత ఒక్కొక్క ఇంటివాళ్లే ఓదెవ్వను పిలిచారు. పప్పుగుత్తులు ఒక్కొక్కటే పప్పులోకి తిరిగిపోయాయి. చాలా ఏళ్లకు ఓదెవ్వ ముసలిదై, నిద్రలోనే పోయింది.

ఇప్పటికీ ఆ వాడలో స్విచ్చు బాగుచేసేవాళ్లు ఫ్యూజు పీకి దగ్గర ఉంచుకుంటారు. ఆడవాళ్లు కొంగున, మగవాళ్లు తువ్వాలు చివరన. బయటి నుంచి ఇంటికి వచ్చిన మగవాళ్లు దీపం లేకపోతే మెయిన్ దగ్గరికి పోరు. గడపలో నిలబడి అడుగుతారు:

"ఓదెవ్వ కొంగు ఎవలకున్నది?"

"నాకే," అని లోపలి నుంచి వినబడేదాకా అడుగు కదలదు.

ఆ వాడ మగవాళ్లు ఆడదాని జవాబు కోసం ఆగేది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే. మిగతా వాటికి ఇంకా ఫ్యూజులు పీకవలసే ఉంది.