బావగారి కర్ర

జోగారావు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ఏదో ఒక పని తగులుతుంది. కాకినాడ జగన్నాథపురంలో ఒక మిఠాయి కొట్టు మేడమీద, రెండు పూల్ టేబుళ్లు వేసుకుని, కర్రతో బంతులు కొట్టే ఆ ఆటకు ఆయన పాఠాలు చెప్పే రోజుల్లో నేనూ అక్కడ శిష్యుణ్ణే. కర్రను ఎంత గట్టిగా పట్టుకోవాలని ఒకసారి అడిగాను. కిందికి వెళ్లి ఆకు పొట్లంలో వేడి జిలేబీ పట్టుకు రమ్మన్నారు. తెచ్చాను. ఆయన తినేశారు. గట్టిగా పడితే నలిగే, వదిలితే జారే ఆ పొట్లంతో మెట్లెక్కుతుండగానే నా ప్రశ్నకు జవాబు దొరికిందని తెలియడానికి నాకు నెల పట్టింది.

ఆ ఏడాది మాతోపాటు గవర్రాజు అనే ఆయన కూడా నేర్చుకునేవాడు. మెయిన్‌రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద, బిందెల మీద పేర్లు చెక్కడం ఆయన వృత్తి. అందరూ మిషన్లు పట్టినా ఆయన మాత్రం చిన్న ఉలి, సుత్తితోనే చుక్కలు చుక్కలుగా అక్షరాలు దించేవాడు. పాఠానికి తెచ్చుకునే క్యూ కర్ర మాత్రం ఆయనది కాదు. భార్య అన్నగారు దుబాయి నుంచి తెచ్చుకున్నది, అడగ్గానే తోలు సంచీతో సహా ఇచ్చేశాడు. ఆ కర్రకు గవర్రాజు చేసే సేవ చూసి తీరాలి. కొట్టేముందు తుడవడం, కొట్టాక తుడవడం. మొనకు నీలి చాక్ రాయాలంటే ప్రాణం ఒప్పేది కాదు, దాని పక్కనున్న తెల్లటి చోట మరక పడుతుందని. చాక్ లేని మొన బంతి మీద జారక ఏం చేస్తుంది? ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదని మేం నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కర్ర పట్టుకున్న ఆయన చేయి వణుకుతోందని మాలో ఒక్కరమూ గమనించలేదు.

గమనించింది ఆయనొక్కడే. వాళ్ల నాన్నదీ అదే పని. నలభై ఆరో ఏట ఆ పెద్దాయనకు చేయి వణకడం మొదలైంది. ఏడాది తిరక్కుండా అక్షరాలు చెదిరిపోయాయి, గిరాకీ పక్క కొట్టుకు మళ్లింది, బతికినన్నాళ్లూ అరుగు మీద ఊరికే కూర్చుండిపోయాడు. గవర్రాజుకు ఇప్పుడు నలభై అయిదు. ఇల్లంతా ఆ ఉలి మీదే నడుస్తోంది. తన చేతిలో ఆ వణుకే కనిపించేసరికి ఆయనకు తిండి సయించలేదు. జ్వరమని కబురు పంపి తొమ్మిది రోజులు కొట్టు మొహం చూడలేదు. ఉలి పట్టి చూసుకుంటే నిజం తేలిపోతుందని భయం. గుడ్డలో చుట్టిన ఉలి, సుత్తి జేబులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

పదో రోజు ఆదివారం. పొద్దున్నే మాస్టారి దగ్గరకు వచ్చి అడిగాడు.

“మాస్టారూ, బావగారి కర్రతోనే నేర్చుకోమంటారా, సొంతది కొనుక్కోమంటారా? చెయ్యే పోతా ఉంటే ఇంక కర్రెందుకంటారా? ఏదో ఒకటి చెప్పేయండి.”

ఆ వెనకే తండ్రి సంగతి, తొమ్మిది రోజుల సంగతి అంతా బయటపడింది. మాస్టారు చివరిదాకా విన్నారు. విని, తాను రోజూ టీ తాగే స్టీలు గ్లాసు కడుక్కొచ్చి ఆయన ముందు పెట్టారు. అది తన భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న గ్లాసని, ఆవిడ పోయి ఆరేళ్లయిందని, దాని మీద ఆవిడ పేరు చెక్కించాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నానని చెప్పారు. గవర్రాజు మొహం పాలిపోయింది. పాడైపోతే ఎలాగండీ అన్నాడు. వంకర పేరు చూసుకుంటూ తాగుతానన్నారు మాస్టారు.

ఇక తప్పలేదు. కిటికీ పక్కన గోనె పరుచుకుని కూర్చున్నాడు. గుడ్డ విప్పేటప్పుడు చేయి వణికింది, అది నేనూ చూశాను. మేమంతా ఆట ఆపేశాం. ఉలి మొన స్టీలుకు ఆనింది. ఒక దెబ్బ పడింది. కాసేపాగి ఇంకొకటి పడింది. ఆ తర్వాత ఆగలేదు, టిక్కు టిక్కుమంటూ ఒకే వరసలో పడుతూ పోయాయి. చుక్క పక్కన చుక్క చేరి, వరహాలమ్మ అన్న అయిదక్షరాలూ గుండ్రంగా, గీత గీసి కూర్చోబెట్టినట్టు దిగాయి.

గ్లాసును వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వేలితో తడిమాడు. నమ్మకం కుదరక కింద చిన్న పువ్వు కూడా చెక్కాడు. అదీ బాగానే వచ్చింది. అప్పుడు ఆ నలభై అయిదేళ్ల మనిషి మా అందరి ముందూ తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చేశాడు. గుండెల మీంచి బండ దిగడమంటే ఏమిటో నేను ఆ రోజే చూశాను. ఎవరో అందరికీ టీలు చెప్పారు.

మాస్టారు ఆ పేరు మీద బొటనవేలు రాసి చూసుకున్నారు. తర్వాత చేయి చాపి, ఈ ఉలి బాగుంది, వచ్చే ఆదివారం దాకా నా దగ్గర ఉంచిపో అన్నారు. గురువు అడిగితే ఒంటి మీద చొక్కా విప్పి ఇచ్చే మనిషి గవర్రాజు. అలాంటివాడు క్షణం ఆలోచించకుండా ఉలిని జేబులో వేసుకున్నాడు. వేసుకున్నాక సిగ్గుపడి తల దించుకున్నాడు.

“అదొక్కటీ అడక్కండి మాస్టారూ. ఇంకేదైనా ఇస్తానండి.”

మాస్టారికి కోపం రాలేదు సరికదా, మొహం విప్పారింది. గోడకు ఆనించిన తోలు సంచీని తీసి గవర్రాజు భుజానికి తానే తగిలించారు. ఇవాళే వెళ్లి బావగారికి అప్పగించి రమ్మన్నారు. చేయి వణికింది జబ్బుకు కాదు, ఎరువు సొమ్ము భయానికని మాకప్పుడు వెలిగింది.

“అలా ఇవ్వబుద్ధి కాని కర్ర ఒకటి చూసుకో, గవర్రాజూ. పాఠం అప్పుడు మొదలుపెడదాం.”